బడి మారిన విద్యార్థికి గురువుగారి లేఖ

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల వయస్సు డెబ్బై అయిదు సంవత్సరాలంటే, ఆ కాలమంతా పిల్లలు ఆ గడప దాటి లోపలికి వచ్చారనీ, మళ్ళీ దాటి వెళ్ళారనీ అర్థం. చేరినప్పుడు ప్రవేశపు రిజిస్టరులో పేరు ఎక్కుతుంది. వెళ్ళేటప్పుడు బదిలీ పత్రం చేతికి వస్తుంది. ఆ పత్రంలో పుట్టినతేదీ, తరగతి, చదివిన భాష, చివరగా ‘ప్రవర్తన’ అనే గడి ఉంటాయి. ఆ గడిలో సామాన్యంగా ‘మంచిది’ అని ఒక్క మాట పడుతుంది. అయిదారేళ్ళు కళ్ళెదుట పెరిగిన బిడ్డను గురించి పాఠశాల లోకానికి చెప్పే మాట అంతే. ఇంతకాలం అది చాలింది. ఇక్కడి కళాశాలల ప్రవేశానికి మార్కుల పట్టిక, బదిలీ పత్రం ఉంటే చాలు. గురువుగారి అభిప్రాయాన్ని అడిగేవారు లేరు.

కాని నేడు ఈ పాఠశాల బిడ్డలలో కొందరు ఇంటర్మీడియట్ స్థాయి చదువు ముగియగానే అమెరికా, ఇంగ్లండు దేశాల కళాశాలలకు దరఖాస్తు చేస్తున్నారు. ఆ దేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థుల పిల్లలు అక్కడి ఉన్నత పాఠశాలలలో చదువుతున్నారు. వారిని అక్కడి కళాశాల అడిగే ప్రశ్న వేరు: “నిన్ను ఎరిగిన గురువు ఎవరు? ఆయన నిన్ను గురించి ఏమంటాడు?” ఒకే బడిలో చదివినవారికి ఇది సులువైన ప్రశ్నే. బడి మారినవారికి కష్టమైన ప్రశ్న. బాగా ఎరిగిన గురువు దూరమయ్యాడు. దగ్గరనున్న గురువు ఇంకా ఎరుగడు. ఈ ప్రసంగ విషయం ఆ కష్టమే.

మొదట మాటను గురించి ఒక మాట. అక్కడివారు అడిగే లేఖను తెలుగులో సిఫారసు లేఖ అని అనువదించడం వాడుకయింది. దానివల్ల ఒక పొరపాటు దొర్లుతున్నది. తెలుగునాట సిఫారసు అంటే పెద్దమనిషి చేత చెప్పించుకోవడం. పలుకుబడి గలవాడి చీటీ పట్టుకొని వెళ్ళడం. అందుచేత కొందరు తల్లిదండ్రులు శాసనసభ్యుని చేతనో, పెద్ద వ్యాపారి చేతనో లేఖ రాయించి పంపుతారు. బిడ్డ ముఖమైనా చూడని ఆ పెద్దమనిషి లేఖ వల్ల అక్కడ ప్రయోజనం లేదు. వారు కోరేది పలుకుబడి కాదు, సాక్ష్యం. తరగతి గదిలో ఆ విద్యార్థి ఎట్లా ఆలోచిస్తాడు, తప్పు చేసినప్పుడు ఎట్లా దిద్దుకుంటాడు, పక్కవానితో ఎట్లా మెలగుతాడు అన్నవి కళ్ళారా చూసినవాని వాంగ్మూలం అది.

ఆ దేశపు పద్ధతి స్థూలంగా ఇది. అమెరికాలో ఉన్నత పాఠశాల అంటే తొమ్మిది నుండి పన్నెండు వరకు నాలుగు తరగతులు. పన్నెండవ తరగతి మొదలైన కొద్ది నెలలకే, అంటే ఆగస్టు నుండి జనవరి లోపల, విద్యార్థి కళాశాలలకు దరఖాస్తు చేయాలి. ముందస్తు దరఖాస్తులకు గడువు సాధారణంగా నవంబరు మొదటి పక్షంలో, తక్కినవాటికి జనవరి ప్రారంభంలో ముగుస్తుంది. 1975లో పదిహేను కళాశాలలు కలిసి ‘కామన్ అప్లికేషన్’ అనే ఉమ్మడి దరఖాస్తును ఏర్పరచుకున్నాయి. నేడు దానిలో వెయ్యికి పైగా విద్యాసంస్థలు ఉన్నాయి. పెక్కు కళాశాలలు ఒకరు లేక ఇద్దరు ఉపాధ్యాయుల లేఖలను, పాఠశాల కౌన్సెలర్ అనే సలహాదారు లేఖను అడుగుతాయి. ఎం.ఐ.టి. వంటి సంస్థ గణితం లేదా విజ్ఞానశాస్త్రం బోధించినవారి లేఖ ఒకటి, భాష, చరిత్ర వంటి మానవీయ విషయాలు బోధించినవారి లేఖ మరొకటి కోరుతుంది. అన్ని సంస్థలకూ ఇవి అవసరం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దరఖాస్తుతో పాటు లేఖలు పంపమనదు. కనుక మొదటి పని, ఏ కళాశాల ఏమి అడుగుతున్నదో చదివి తెలుసుకోవడం. అడిగినదానికి మించి పంపడం మేలు చేయదు.

ఆ లేఖ విద్యార్థి చేతికి రాదు. ఉపాధ్యాయుడు తన ఈ-మెయిల్ ద్వారా వచ్చిన లింకులో నేరుగా సమర్పిస్తాడు. విద్యార్థి ఎంతకాలంగా తెలుసు, ఏయే పాఠాలు చెప్పారు అన్న వివరాలను కూడా ఆ పత్రం అడుగుతుంది. 1974లో వచ్చిన విద్యాహక్కుల గోప్యతా చట్టం అక్కడి కళాశాలలో చేరిన విద్యార్థికి తన దస్త్రాలను చూసే హక్కు ఇచ్చింది. అయినా దరఖాస్తులోనే ఆ లేఖను చూసే హక్కును వదులుకుంటున్నట్లు సంతకం చేయవచ్చు. చాలామంది అట్లాగే చేస్తారు. చూడడని తెలిసినప్పుడే ఉపాధ్యాయుడు మనసు విప్పి రాస్తాడని, ఆ లేఖకు కళాశాల విలువ ఇస్తుందని వారి నమ్మకం. ‘చాటుగా ఏమి రాస్తారో’ అని మన తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. భయానికి మందు ముందుగా అడగడంలో ఉంది: “మా వాడిని గురించి మీకు బలంగా రాయగల మాటలు ఉన్నాయా?” అని. లేవని గురువుగారు అంటే, అది అవమానం కాదు. ఆయన చేసిన మేలు.

ఇంగ్లండు పద్ధతి కొంత భిన్నం. అక్కడ దరఖాస్తులన్నీ ‘యూకాస్’ అనే సంస్థ ద్వారా వెళతాయి. ఒక్క లేఖ చాలు. 2024 ప్రవేశాల నుండి ఆ లేఖను మూడు భాగాలుగా విభజించారు. అందులో ఒక భాగం విద్యార్థి చదువుకు ఆటంకం కలిగించిన పరిస్థితులకు కేటాయించినది. నడుమ బడి మారడం, బోధనా భాష మారడం వంటివాటి వల్ల చదువు కుంటుపడి ఉంటే చెప్పవలసిన చోటు అదే.

ఇక బడి మారినవాని సంగతి. అమెరికాలో తండ్రి ఉద్యోగం న్యూజెర్సీ నుండి టెక్సాస్‌కు మారితే బిడ్డ బడి కూడా మారుతుంది. ఎప్పుడు మారాడన్నదాన్ని బట్టి ఎవరిని అడగాలన్నది తేలుతుంది. పదవ తరగతి ముగిశాక మారినవాడికి పదకొండవ తరగతి పూర్తిగా కొత్త బడిలో గడుస్తుంది కనుక అక్కడి ఉపాధ్యాయులే రాయగలరు. పదకొండవ తరగతి నడుమ మారితే పాతబడి నుండి ఒకరు, కొత్తబడి నుండి ఒకరు. పదకొండు ముగిసి పన్నెండులో మారినవాడిది అన్నిటికన్నా చిక్కు. సెప్టెంబరులో చేరినవానిని గురించి అక్టోబరులో రాయమంటే ఏ ఉపాధ్యాయుడు మాత్రం ఏమి రాయగలడు? అటువంటివాడు పదకొండవ తరగతిలో ఏడాది పొడుగునా పాఠం చెప్పిన పాత ఉపాధ్యాయులనే అడగాలి. అందులో తప్పు లేదు. ఉపాధ్యాయుడు ప్రస్తుతం చదువుతున్న బడిలోనే ఉండాలన్న నిబంధన సాధారణంగా ఉండదు. కౌన్సెలర్ లేఖ మాత్రం ప్రస్తుత బడి నుండే వెళుతుంది. అందుకని పాతబడి కౌన్సెలరును కొత్తవారికి నాలుగు వాక్యాలు రాసి పంపమని కోరాలి. దరఖాస్తులోనే చదివిన బడులన్నిటి పేర్లు, మారిన కారణం రాసే చోటు ఉంది. ‘కుటుంబం ఉద్యోగరీత్యా తరలివెళ్ళినందున’ అని ఉన్నది ఉన్నట్లు రాస్తే సరిపోతుంది, కథ అల్లనక్కరలేదు.

ఈ ఊరి పిల్లల సంగతి చూస్తే, ఇక్కడ బడి మారనివాడే లేడు. నేతపనికి షోలాపురానికి, భివండికి, మిల్లుపనికి బొంబాయికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తమ భాషలో బిడ్డలకు చదువు చెప్పించుకోవాలని ఇటువంటి పాఠశాలలను నిలబెట్టుకున్నాయి. పదవ తరగతి వరకు తెలుగు. ఆ తరువాత జూనియర్ కళాశాల. బోధన ఇంగ్లీషులోనో మరాఠీలోనో. ఒక్క వేసవిలో బడి మారుతుంది, భాష మారుతుంది, స్నేహితులు మారతారు. నూరుమందికి పైగా కూర్చునే తరగతిలో వెనుక బెంచీన కూర్చుని, తెలిసిన జవాబును ఇంగ్లీషులో చెప్పలేక తల దించుకునే పిల్లవానిని అధ్యాపకుడు ఎట్లా ఎరుగగలడు? దానికి తోడు సగం చదువు కోచింగ్ సెంటర్లలో సాగుతున్నది. ఇటువంటి పిల్లవాడు విదేశానికి దరఖాస్తు చేస్తే, ఆ అధ్యాపకుడు ‘క్రమశిక్షణ గలవాడు, తెలివైనవాడు, వినయశీలి’ అని రాసి సంతకం పెడతాడు. తక్కిన నూరుమందికీ అదే రాస్తాడు. అయిదో తరగతిలో ఎక్కాలు తలకిందులుగా అప్పగించినవానిని, తొమ్మిదో తరగతిలో క్షేత్రగణిత సిద్ధాంతాన్ని పుస్తకంలో లేని దారిలో నిరూపించినవానిని, తల్లి జబ్బుపడిన మూడు నెలలు వంటచేసి చెల్లెలిని బడికి తీసుకువచ్చినవానిని ఎరిగినవారు ఈ బడిలో ఉన్నారు. వారిని అడిగేవారు లేరు. అడగవచ్చునని విద్యార్థికి తెలియదు.

అడగవచ్చు, అడగాలి. ప్రధాన లేఖలు పదకొండు, పన్నెండు తరగతుల అధ్యాపకులవే కావడం పద్ధతి. అయితే చాలా కళాశాలలు అదనంగా మరొకరి లేఖను అంగీకరిస్తాయి. ఆ స్థానం పాతబడి గురువుగారిది. మరొక ముఖ్యవిషయం: అమెరికా కళాశాలలు తొమ్మిదవ తరగతి నుండి నాలుగేళ్ళ మార్కులను అడుగుతాయి. పదవ తరగతి మార్కులు బోర్డు పత్రంలో ఉంటాయి; తొమ్మిదవ తరగతివి పాఠశాల రిజిస్టరులో తప్ప మరెక్కడా ఉండవు. కనుక తొమ్మిదవ తరగతి మార్కుల పట్టికను బడి విడిచే రోజుననే ముద్రతో, సంతకంతో తీసుకొని ఇంట్లో భద్రపరచుకోవడం మంచిది.

తెలుగు పండితులవారు, తెలుగు మాధ్యమంలో లెక్కలు చెప్పినవారు తమకు ఇంగ్లీషు లేఖ రాయడం రాదని వెనుదీయనక్కరలేదు. తెలుగులోనే రాయవచ్చు. దాన్ని ఇంగ్లీషు ఉపాధ్యాయుడో, ప్రధానోపాధ్యాయుడో అనువదించి, మూలాన్ని, అనువాదాన్ని జతపరచి సంతకం చేసి పంపవచ్చు. విద్యార్థి గాని, బంధువులు గాని ఆ అనువాదం చేయరాదు. తన్ను గురించి తానే చెప్పుకున్నట్లవుతుంది.

ఇక్కడే ఒక దురలవాటును ప్రస్తావించక తప్పదు. “నీవే రాసుకొని రా నాయనా, సంతకం పెడతాను” అనడం పెక్కుచోట్ల మామూలయింది. పని ఒత్తిడిలో ఉన్న అధ్యాపకునికి అది ఉపకారంలా కనిపిస్తుంది. విద్యార్థికీ సులువుగా తోస్తుంది. కాని ఇద్దరూ కలిసి చేస్తున్నది అబద్ధపు సాక్ష్యం. ఏటా వేల లేఖలు చదివే కంటికి పదిహేడేళ్ళవాని శైలి, యాభై ఏళ్ళ గురువు శైలి వేరుగా కనిపిస్తాయి. ఒకే కళాశాల నుండి ఒకే అచ్చు లేఖలు వస్తే ఆ కళాశాల మాటకే విలువ పోతుంది. ముందు ముందు నిజాయితీగా వచ్చేవాడికి కూడా ఆ నష్టం తగులుతుంది. దరఖాస్తులో అబద్ధం బయటపడితే ఇచ్చిన ప్రవేశాన్ని రద్దు చేసే అధికారం కళాశాలలకు ఉంది.

లేఖ ఎంత పని చేయగలదో తెలియడానికి ఒక్క చరిత్ర చాలు. శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనంతో చేరాడు. గణితం తప్ప మరొకటి పట్టించుకోకపోవడంతో ఉపకారవేతనం పోయింది. మద్రాసు పచ్చయప్ప కళాశాలకు మారాడు. అక్కడ కూడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. మార్కుల పట్టిక ప్రకారం ఆయన చదువు ముగిసిపోయింది. 1910లో పని వెతుక్కుంటూ తిరుగుతున్నప్పుడు, కుంభకోణంలో ఆయనను ఎరిగిన పి.వి. శేషు అయ్యర్ అనే గణిత అధ్యాపకుడు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉన్నాడు. ఆయన పరిచయ లేఖ ఇచ్చి, గణితాభిమాని అయిన నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు వద్దకు పంపాడు. రామచంద్రరావు నెలకు ఇరవై అయిదు రూపాయలు ఇచ్చి ఆదుకున్నాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టు గుమాస్తా ఉద్యోగానికి ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ యోగ్యతాపత్రం ఇచ్చాడు. 1914లో ఆయన కేంబ్రిడ్జికి ఓడ ఎక్కాడు; 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. రామానుజన్ ప్రతిభ రామానుజన్‌దే. లేఖ దాన్ని పుట్టించలేదు. కాని పరీక్ష తప్పినవానిని తలుపు దగ్గర ఆపకుండా లోపలికి రానిచ్చింది పాతచోటి గురువు మాటే. విద్యార్థీ ఊరు మారాడు, గురువూ ఊరు మారాడు; ఎరుక మాత్రం చెరిగిపోలేదు.

ఇక ఆచరణలో చేయవలసినవి.

విద్యార్థి బడి విడిచే ముందే తనను బాగా ఎరిగిన ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులను స్వయంగా కలిసి, “తరువాత అవసరమైతే లేఖ రాస్తారా” అని అడిగి ఉంచుకోవాలి. వారి ఫోను నంబరు, సొంత ఈ-మెయిల్ తీసుకోవాలి. పాఠశాల చిరునామా పదవీ విరమణతో మారిపోవచ్చు. వారు దిద్దిన వ్యాసాలు, ప్రాజెక్టులు దాచుకోవాలి. గడువుకు కనీసం నెల, నెలన్నర ముందుగా కోరాలి. అమెరికాలోనైతే పదకొండవ తరగతి చివర, వేసవి సెలవులకు ముందే అడగడం ఉత్తమం. ఒక్క కాగితంపై తాను ఆ తరగతిలో చేసిన పనులు, ఇప్పుడు చదువుతున్నది, దరఖాస్తు చేసే కళాశాలలు, గడువు తేదీలు రాసి ఇవ్వాలి. ఆ కాగితం జ్ఞాపకానికి ఊతమే గాని లేఖకు చిత్తుప్రతి కాదు. నడుమ ఏళ్ళ తరబడి పలకరించక, పని పడ్డనాడు హఠాత్తుగా ఫోను చేయడం ఎవరికైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఉగాదికో, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవానికో ఒక పలకరింపు చాలు.

కోరిక ఎట్లా రాయాలో తెలియక వెనుకాడే పిల్లల కోసం ఒక నమూనా:

“పూజ్యులైన గురువుగారికి నమస్కారములు. తమ వద్ద ఎనిమిది నుండి పది వరకు గణితం చదువుకున్నాను. ప్రస్తుతం జూనియర్ కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతూ, విదేశీ కళాశాలలకు దరఖాస్తు చేయదలచాను. ఇక్కడి అధ్యాపకులు లేఖలు ఇస్తున్నారు. అయితే తెలుగులో చదువుకున్న రోజులలో నన్ను ఎరిగినవారు తమరు. వీలైతే తమకు తోచిన మాటలను తెలుగులోనే రాసి ఇవ్వవలసిందిగా ప్రార్థన. గడువు డిసెంబరు 20. నేను చేసిన పనుల వివరం జతపరచాను. తమకు తీరిక లేకపోయినా, రాయదగినంత గుర్తు లేకపోయినా నిస్సంకోచంగా తెలుపగలరు. తమ శిష్యుడు.”

గడువుకు వారం ముందు ఒకసారి గుర్తుచేయవచ్చు. ఫలితం ఏదైనా సరే గురువుగారికి తెలియజేయాలి. ప్రవేశం వచ్చిందో రాలేదో కూడా తెలియక, పత్రికలో ఫోటో చూసి తెలుసుకునే గురువులు ఎందరో ఉన్నారు. లేఖకు రుసుము లేదు, కానుకలు ఇవ్వరాదు. కృతజ్ఞత చాలు.

తల్లిదండ్రులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అడగవలసినవాడు విద్యార్థి, తండ్రి కాదు. గురువుగారి ఇంటికి తండ్రి వెళ్ళి ఒత్తిడి చేస్తే ఆ లేఖలో ప్రాణం ఉండదు. ఉద్యోగరీత్యా ఊరు మారవలసి వచ్చినప్పుడు, ఎంచుకునే వీలుంటే, చివరి ఏడాది నడుమ మారకుండా చూసుకోవడం మేలు. వీలు లేకపోతే బాధపడనక్కరలేదు. కొత్త బడిలో చేరిన మొదటి వారంలోనే కౌన్సెలరును కలిసి పరిస్థితి చెప్పుకోవాలి.

అధ్యాపక మహాశయులకు ఒక మనవి. విశేషణాలు పది రాసేకంటే చూసినది ఒకటి రాయడం మేలు. ‘మంచి విద్యార్థి’ అన్నదాన్ని చదివేవారు మరచిపోతారు. ‘లెక్క తప్పినప్పుడు రబ్బరుతో చెరిపివేయక, తప్పు ఎక్కడ జరిగిందో పక్కన రాసుకునేవాడు’ అన్నదాన్ని మరచిపోరు. తెలుగు మాధ్యమం నుండి ఇంగ్లీషుకు మారినవానికి మొదటి ఆరునెలల మార్కులు ఎందుకు తగ్గాయో, తరువాత ఎట్లా పెరిగాయో తెలిసినవారు చెబితేనే పరదేశపు కళాశాలకు అర్థమవుతుంది. లేనిది రాయనక్కరలేదు. రాయలేనప్పుడు రాయలేనని చెప్పడం కూడా విద్యార్థికి చేసే న్యాయమే.

చివరగా ఈ పాఠశాల యాజమాన్యం ముందు ఒక సూచన. పదవ తరగతి ముగించి వెళ్ళే ప్రతి విద్యార్థిని గురించి, అతనిని బాగా ఎరిగిన ఉపాధ్యాయుడు అయిదారు వాక్యాలు ఒక పుస్తకంలో రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఉంచాలి. విదేశానికి వెళ్ళేవానికే కాదు, ఐ.టి.ఐ.లో చేరేవానికి, మగ్గం మీదకు వెళ్ళేవానికి, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళే ఆడబిడ్డకు కూడా రాయాలి. పదేళ్ళ తరువాత ఎవరికి ఏ అవసరం వస్తుందో నేడు ఎవరూ చెప్పలేరు. ఆనాటికి ఉపాధ్యాయులు పదవీ విరమణ చేసి ఉండవచ్చు, మరచిపోయి ఉండవచ్చు, కాలంచేసి ఉండవచ్చు. పుస్తకం ఉంటే ప్రధానోపాధ్యాయులు ఎవరైనా దానిని తెరచి, పాఠశాల పక్షాన ధ్రువపరచి ఇవ్వగలరు. ఏటా యాభై అరవైమంది పిల్లలకు అయిదేసి వాక్యాలు. పంచుకుంటే ఒక్కొక్క ఉపాధ్యాయునికి రెండు సాయంత్రాల పని.

డెబ్బై అయిదు సంవత్సరాల రిజిస్టరులలో పేర్లు, తేదీలు ఉన్నాయి. ఎనభయ్యవ ఏటికి ఆ పేర్ల పక్కన నాలుగు మాటలు కూడా ఉండాలి.